వీపుతో విన్న పాట

మెరుపు మెరిశాక అరగంట దాకా ఎవరూ మైదానంలోకి దిగకూడదని మైకులో రెండోసారి చెప్పారు. ఆ మాట పూర్తి కాకముందే ఇంకోటి మెరిసింది. అంటే లెక్క మళ్ళీ మొదటికొచ్చింది, ఈ లెక్కన ఎన్ని అరగంటలు కూర్చోవాలో ఏమో అనుకుంటూ డెల్ఫీన్ బడి జిమ్ము హాల్లో, చెక్క మెట్ల మీద, కింది నుంచి నాలుగో వరసలో, తడిసిన ఎర్ర శాటిన్ జాకెట్టులోనే కూర్చుంది. విప్పితే చలి, ఉంచుకుంటే మరింత చలి. జాకెట్టు గుండీలు పెట్టుకోవడం మానేసి పదిహేనేళ్ళయింది, పొట్ట ఒప్పుకోదు. హాలంతా తడి సాక్సుల వాసన, తలుపు దగ్గర ఎవరో లోపలికి తెచ్చేసిన సాసేజీల ట్రేల వాసన, రేకుల కప్పు మీద వాన మోత. ఆ మోతకి అలవాటుగా వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి, వానకి తాళం లేదని తెలిసి కూడా. ఒక పక్క కాజ్, ఇంకో పక్క నార్బర్ట్, కింది వరసల్లోనూ అవే ఎర్ర జాకెట్లు, అందరూ కలిపి ఇరవై ముగ్గురు. మిల్వాకీ నుంచి రెండు వ్యాన్లలో వచ్చారు. వచ్చింది తాము చిన్నప్పుడు వాయించిన కోర్‌ని, ఆ బాకాలూ డ్రమ్ముల కవాతు దళాన్ని, చూడడానికి కాదు, చూడకుండా ఉండడానికి. ఆ కోర్ పిల్లలు, తమ హుస్సార్లు, మైదానంలోకి అడుగు పెట్టగానే ఇరవై ముగ్గురూ లేచి వీపు తిప్పి నిలబడాలి. ప్రదర్శన పదకొండు నిమిషాలూ అలాగే. కేకలు లేవు, ఈలలు లేవు, వీపు మాత్రమే. మార్చిలో కాజ్ ఇంటి గరాజులో బీరు తాగుతూ ఒట్టు పెట్టుకున్నారు. ఆమె కూడా చెయ్యెత్తింది. ఎందుకు ఎత్తిందో అప్పుడు బాగా తెలుసు.

ఎర్ర కోటు తీసేశారు, ఈకల టోపీ తీసేశారు, చివర్లో వాయించే పాట, చర్చి మెట్ల మీద పుట్టిన పాట, ప్రతి పిల్లాడూ చచ్చేదాకా మర్చిపోని పాట, అదీ తీసేశారు. పాతవాళ్ళు రాసిన మూడు పేజీల ఉత్తరానికి కొత్త డైరెక్టర్ రెండు వాక్యాలు పంపాడు. మీ ప్రేమకు ధన్యవాదాలు, కోర్ ముందుకు నడవాలి. ముందుకు నడవడం మాకు నేర్పుతాడా వీడు, అన్నాడు కాజ్ ఆ కాగితాన్ని బీరు సీసా కింద పెట్టి. నడకే కదా తమ చదువు. ఎనిమిది అడుగులకి ఐదు గజాలు, అడుగుకి ఇరవై రెండున్నర అంగుళాలు, పోత కార్ఖానా వెనక ఖాళీ జాగాలో సున్నంతో గీతలు గీసుకుని, జూన్ ఎండలో, కొలిమి మసి గొంతులో పడుతుంటే, తప్పు వేసిన వాడికి మైదానం చుట్టూ డ్రమ్ము మోస్తూ రెండు చుట్లు. అందరూ ఒకే చర్చి పిల్లలు, తండ్రులంతా ఒకే కార్ఖానా, ఇంట్లో పోలిష్, వీధిలో ఇంగ్లిషు, మైదానంలో ఏ భాషా లేదు, ఇత్తడి, తోలు, కర్ర. గీత వంకర పోతే సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. నిటారుగా నిలబడ్డ వరస పక్కకి తిరిగితే కత్తి తిప్పినట్టు మెరిసేది. చివరి స్వరం అరవై బాకాలూ కలిసి ఊదితే అది చెవిలో పడేది కాదు, ఛాతీలో పడేది. మెట్ల మీద ముసలమ్మలు గుండె పట్టుకునేవాళ్ళు. ఆ దెబ్బ కోసమే వచ్చేవాళ్ళు జనం. ఆమె ఛాతీలో ఇప్పటికీ ఆ దెబ్బ పడ్డ చోటు ఉంది. ఖాళీగా ఉంది, ఏడాదికోసారి ఎవరైనా వచ్చి కొడతారని ఎదురుచూస్తూ.

కొట్టరు. జూన్‌లో సాధనకి వెళ్ళి చూసింది, న్యాయంగా చూద్దామనే వెళ్ళింది. మైదానంలో పన్నెండు తెల్ల తలుపులు, గోడలు లేని తలుపులు. పిల్లలు వాటిని తెరుస్తారు, మూస్తారు, వాటికి జారగిలబడి కింద పడతారు, పాకుతారు. స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు గుసగుసలాడుతుంది, నేను లోపల లేను, నేను లోపల లేను అని. ఒంటికి అంటుకుపోయిన బూడిద రంగు బట్టలు, మెడ మీద తెల్ల గీత. ఒక పిల్ల తలుపు గడప మీద కూర్చుని నిజంగా ఏడ్చింది, ఏడవడం కూడా నేర్చుకున్నట్టుంది, సరిగ్గా పదహారో లెక్కకి ఆపేసింది. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు కళ్ళు తుడుచుకున్నారు. డెల్ఫీన్ తన లోపల వెతికింది, ఏమైనా కదిలిందా అని, పాత ఇంట్లో తాళం చెవి కోసం వెతికినట్టు గదిగదీ వెతికింది. ఏమీ లేదు. ఇంటికొచ్చాక వీడియోలో మళ్ళీ చూసింది, ఇంకోసారి చూసింది, మందు వేసుకున్నట్టు రోజూ రాత్రి భోజనం ముందు చూసింది. నచ్చలేదు. నచ్చకపోవడం తప్పని ఎవరో చెబుతున్నట్టే ఉంది, అయినా నచ్చలేదు. ఇష్టం మన చేతిలో ఉంటుందా, నరం చీలమండకి బిగిసినట్టు ఎక్కడో చిన్నప్పుడే బిగిసిపోతుంది.

"పన్నెండు తలుపులు పెట్టారు," అన్నాడు కాజ్, ఆమె ఏమాలోచిస్తోందో తెలిసినట్టు. "ఒక్కదాన్లోంచి కూడా పాట బయటికి రాలేదు."

"మా బావమరిది తలుపుల కొట్లో ఇంతకన్నా సందడి ఉంటుంది," అన్నాడు నార్బర్ట్. "వాడైతే గొళ్ళేలు కూడా ఇస్తాడు."

నవ్వింది. వీళ్ళతో నవ్వడం ఊపిరి తీసుకున్నంత తేలిక. భర్త రోజర్ పోయినప్పుడు, ఫిబ్రవరిలో, శ్మశానంలో మంచు మోకాలి లోతున ఉంటే, పెట్టె దింపే తాళ్ళు కూడా గడ్డకట్టుకుపోతే, పిలవకుండానే పధ్నాలుగు మంది వచ్చారు. బాకాల కవాటాలు గడ్డకట్టకుండా చంకలో పెట్టుకుని వచ్చారు. కాజ్ చేతి తొడుగులు లేకుండా వాయించాడు, వేళ్ళు చిట్లి డ్రమ్ము మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత ఆమె తుంటి ఎముక విరిగితే మూడు నెలలు వంతులవారీగా సూపు తెచ్చింది కూడా వీళ్ళే. నార్బర్ట్ సూపులో ఉప్పుండదు, కాజ్ సూపులో ఉప్పే ఉంటుంది. వీళ్ళు లేచి నిలబడితే తను కూర్చోవడమా. అలా కూర్చున్న తనని ఊహించుకోబోతే, ఆ కూర్చున్న మనిషికి మొహం కనిపించలేదు.

కానీ వీపు, వీపు సంగతి ఆమెకి తెలిసినంత ఈ హాల్లో ఎవరికీ తెలియదు. యాభై ఏళ్ళ కిందట, పదహారేళ్ళప్పుడు. మగపిల్లలు తగ్గిపోయారు, కొందరు యుద్ధానికి, కొందరు కార్ల సరదాకి, కొందరు కార్ఖానాకి. చర్చి ఫాదరు ఒకరోజు, జెండాలు పట్టే ఆడపిల్లలు డ్రమ్ములు పడితే ఆకాశం కూలుతుందా, అన్నాడు. కూలినంత పని అయింది. ఐదు పెద్ద డ్రమ్ముల్లో నాలుగోది ఆమెకిచ్చారు. ఐదుగురూ కలిసి ఒక మాట పలికితే అందులో ఆమెది ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం సరిగ్గా దాని చోట పడాలి, వెంట్రుకవాసి ముందూ కాదు, వెనకా కాదు. ఆమె డ్రమ్ము పెట్టెలో ఎవరో ఉప్పుచేప పెట్టారు, మూడు రోజులు ఎండలో ఉంది అది. పెట్టింది కాజే, అప్పుడు వాడికి ఇరవై ఒకటి, కోర్‌లో చివరి ఏడాది. పెట్టెని సబ్బుతో కడిగింది, వెనిగర్‌తో కడిగింది, ఏడవకుండా కడిగింది. మొదటి ప్రదర్శన సంత మైదానంలో. కోర్‌ని మొదలుపెట్టిన పెద్దవాళ్ళు పంతొమ్మిది మంది, తెల్ల చొక్కాలు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. హుస్సార్లు గీత దాటి లోపలికి రాగానే అందరూ ఒక్కసారి లేచారు, మర్యాదకి లేచారనుకుంది, తిరిగారు. పంతొమ్మిది తెల్ల వీపులు. ఎడమ నుంచి ఆరోది నాన్నది. కారు వెనక సీట్లో కూర్చుని చిన్నప్పటి నుంచీ చూసిన మెడ, ఎండకి కమిలిన మెడ, మధ్యలో అడ్డంగా మడత. పదమూడు నిమిషాలు ఆ మడతని చూస్తూ వాయించింది. ఆ పదమూడు నిమిషాల్లో ఆమెలో ఏదో ఒకటి పూర్తిగా పెద్దదైపోయింది, ఇంకొకటి ఎప్పటికీ పెద్దది కాకుండా అక్కడే ఆగిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర క్యాబేజీ వడ్డిస్తూ అమ్మ ఎవరి వైపూ చూడలేదు. నాన్న రొట్టె తుంచి, నమిలి, మింగి, అప్పుడన్నాడు: "రెండో పాట చివర తొందరపడ్డావు." అంతే. ఆ రోజుకది తిట్టు, వీపు తిప్పింది చాలక ఈ మాట కూడానా అని చెంచా కింద పడేసి గదిలోకి వెళ్ళిపోయింది. మిగతా పెద్దలు మరుసటి ఏడాదికి మెత్తబడ్డారు, చప్పట్లు కూడా కొట్టారు. నాన్న మాత్రం మెత్తబడలేదు, ప్రతి ప్రదర్శనకీ వచ్చేవాడు, కారు దిగేవాడు కాదు. కారు అద్దం దించి ఉండేది. ఆ అద్దం ఎందుకు దించి ఉండేదో ఆమెకి నలభై ఏళ్ళొచ్చాక, ఎక్కడో కూరగాయల కొట్టు ముందు కారులో కూర్చుని ఉన్నప్పుడు, ఉన్నట్టుండి అర్థమైంది, అర్థమయ్యేసరికి ఆయన పోయి మూడేళ్ళు. ఆయనకి కూడా నచ్చలేదేమో, పాపం. నచ్చించుకోవాలని చూసి, వెతికి, దొరక్కపోయిందేమో. కూతుర్ని ప్రేమించినవాడు కూతురి డ్రమ్ముని ప్రేమించలేకపోతే, ఆ మనిషి ఎటు తిరగాలి.

"కాజ్," అంది. "అప్పుడు మా నాన్నవాళ్ళు చేసింది కూడా ఇదే కదా."

"అది వేరు డెల్. వాళ్ళు వీపు తిప్పింది నీకు. మనం తిప్పేది తలుపులకి."

"తలుపుల వెనక పిల్లలున్నారుగా."

"ఉంటే బయటికి రమ్మను. బాకా పట్టుకుని, టోపీ పెట్టుకుని రమ్మను. నేనే ముందు చప్పట్లు కొడతా."

"నా పెట్టెలో చేప పెట్టినవాడివి నువ్వు."

"ఓరి దేవుడా, యాభై ఏళ్ళయింది! ఇంకా కంపు కొడుతోందా?"

"వాన పడితే కొడుతుంది."

కాజ్ నోరంతా తెరిచి నవ్వాడు, నవ్వి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. బరువైన, వణికే చెయ్యి. రెండేళ్ళుగా ఆ చేత్తో కర్ర పట్టుకోలేకపోతున్నాడు. అది తనకి తెలియనట్టు ఆమె, ఆమెకి తెలుసని తెలియనట్టు వాడు. వాడికి కోర్ మారిపోవడం కాదు బాధ, తను వెళ్ళిపోయాక తను ఉన్న గుర్తు ఎక్కడా మిగలదని. అందరిదీ అదే బాధేమో, దానికి టోపీ అని పేరు పెట్టుకున్నారు.

మైకు గరగరలాడింది. మెరుపులు తగ్గే సూచన లేదని, ఈ సాయంత్రం మైదానంలో ప్రదర్శన రద్దని, మార్కులు కూడా లేవని, వచ్చిన ఐదు కోర్లూ ఇదే హాల్లో ఒకదాని తర్వాత ఒకటి నిలబడి వాయిస్తాయని చెప్పారు. నడకలు లేవు. సామాన్లు లేవు. తడిలో కరెంటు ప్రమాదం గనుక స్పీకర్లు లేవు. ఇత్తడి, డ్రమ్ములు, అంతే.

"దేవుడు పోలిష్ వాడే!" అని అరిచాడు కాజ్. ఎర్ర జాకెట్లన్నీ చప్పట్లు కొట్టాయి. తలుపులు ట్రక్కులో, గుసగుసల గొంతు ట్రక్కులో, యాభై ఏళ్ళ కిందటిలాగే పిల్లలు, బాకాలు, డ్రమ్ములు.

"అయితే ఇక వీపెందుకు?" అన్నాడు నార్బర్ట్, చెవి మిషను సర్దుకుంటూ. "మనం అడిగిందే వానొచ్చి ఇచ్చింది. కూర్చుని విందాం హాయిగా."

డెల్ఫీన్ కాజ్ వైపు తిరిగింది. అవును, అను కాజ్, అవును అను.

"మాటంటే మాట," అన్నాడు కాజ్. "టోపీలున్నాయా వాళ్ళకి? మన పాట ఉందా? వాన ఆగాక మళ్ళీ ఆ తలుపులే కదా?"

వద్దు అనే మాట ఆమె గొంతు దాకా వచ్చింది, అక్కడ సూపు, మంచు, చిట్లిన వేళ్ళు అడ్డంగా నిలబడ్డాయి.

రెండు కోర్లు వాయించి వెళ్ళాయి. ఏం వాయించాయో ఆమెకి పట్టలేదు. ఆ తర్వాత పక్క తలుపు తెరుచుకుని హుస్సార్లు వచ్చారు, కర్ర నేల పాడవకుండా సాక్సులతో వచ్చారు, చప్పుడే లేదు. బూడిద రంగు బట్టలు, తడిసిన జుట్టు, మెడల మీద కరిగి కారిన తెల్ల గీతలు. జిమ్ము వెలుతురులో ఎంత చిన్నపిల్లలో తెలిసిపోతోంది. నెలవంకలా వంపు తిరిగి నిలబడ్డారు. నాలుగో డ్రమ్ము ఎవరిదా అని చూడబోయింది, ఈలోపే కాజ్ లేచాడు, వరసలు లేచాయి, ఆమె మోకాళ్ళు కూడా లేచాయి. తిరిగింది.

ఎవరూ ఆలోచించని సంగతి ఒకటుంది. మెట్ల మీద వీపు తిప్పితే ఎదురుగా పై మెట్టు మీద కూర్చున్నవాళ్ళు ఉంటారు. ఆమె మొహానికి రెండడుగుల దూరంలో ఒక ఆడమనిషి మొహం, నలభై దాటినది, వానకి అంటుకుపోయిన జుట్టు, చేతిలో ఫోను. ఫోనుకి అడ్డంగా హఠాత్తుగా ఒక ముసలిదాని మొహం వచ్చేసరికి ఆమె తికమకపడి, కోప్పడకుండా, పక్కకి వంగి, డెల్ఫీన్ భుజం మీదుగా చూడడం మొదలుపెట్టింది. ఇక డెల్ఫీన్‌కి చూడ్డానికి ఆ మొహం తప్ప ఇంకేం లేదు.

మొదటి స్వరం వెన్నులో పడింది. ఛాతీలో కాదు, వెనక నుంచి, భుజాల ఎముకల మధ్య, ఎవరో రెండు చేతులతో నెట్టినట్టు. ముందుకి తూలింది. అబ్బా, ఎంత శుభ్రంగా ఉందో. తమకి ఇంత రాలేదు, ఒట్టు, ఏ ఏడాదీ ఇంత రాలేదు. డ్రమ్ములు పై స్వరం నుంచి కింది స్వరానికి జారాయి, ఐదుగురు కాదు, ఒక్క చెయ్యి. నాలుగో అక్షరం దాని చోట పడింది. ఎదురుగా ఉన్న మొహం వెలిగింది. ఆ పిల్లలు పాడవుతున్నారని, పని రాదని ఇన్నాళ్ళూ గరాజులో అనుకున్నదంతా అబద్ధం, పని వచ్చు, తమకన్నా వచ్చు, వచ్చి కూడా వేరేది చేస్తున్నారు. అది ఇంకా కష్టంగా ఉంది. రాకపోతే నేర్పవచ్చు. వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలి.

అప్పుడు ఆగిపోయింది. మొత్తం ఆగిపోయింది. తప్పు జరిగిందా అనుకుంది. లేదు, ఇది గొంతు వచ్చే చోటు, నేను లోపల లేను అనే చోటు. స్పీకరు లేదు గనుక గొంతు లేదు. పిల్లలు ఆ ఖాళీని దాటేయలేదు, కుదించలేదు, ఉన్నంత ఖాళీనీ నిలబడి లెక్కపెడుతున్నారు. ఎనభై మంది ఊపిరి వినిపిస్తోంది, ఎక్కడో సాక్సు నేల మీద రాసుకుంది. ఎదురుగా తల్లి పెదాలు కదులుతున్నాయి, తొమ్మిది, పది, పదకొండు, బిడ్డతోపాటు లెక్కపెడుతోంది, లెక్కపెడుతూ ఏడుస్తోంది. స్పీకర్లు వద్దన్నది తామే. ఇదిగో, స్పీకర్లు లేవు. ఇల్లు కూలితే మెట్లు మిగిలినట్టు, ఆ పాటలో మిగిలిందిది. మళ్ళీ ఇత్తడి, మళ్ళీ ఖాళీ. ఒక ఖాళీ ముప్పై రెండు లెక్కలు సాగింది. వానొక్కటే మోగింది. తిరుగు, అనుకుంది. ఇప్పుడు తిరుగు. పక్కన కాజ్ చెయ్యి జాకెట్టు అంచుని పట్టుకుని వణుకుతోంది, వాడికీ వినిపిస్తోంది, వాడూ తిరగడు. నాన్న మెడలో మడత గుర్తొచ్చింది, అది ఎంత గట్టిగా బిగిసి ఉండేదో, ఆ బిగింపు కోపం కాదేమో, ఇదేనేమో, తిరగలేకపోవడం. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. ఆమె పెదాలు కూడా కదులుతున్నాయి. ఎదురుగా ఉన్న తల్లి చూసి, చిన్నగా తల ఊపింది, మీ వాళ్ళూ ఉన్నారా అన్నట్టు.

చివరి స్వరం పడలేదు. చివరిది గొంతుదే, అదీ ట్రక్కులోనే. చాలాసేపటికి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అయిపోయిందని హాలుకి అప్పుడు తెలిసింది. తిరిగేసరికి పిల్లలు వరసగా పక్క తలుపులోంచి వెళ్ళిపోతున్నారు. ఆఖరి డ్రమ్ము అంచు గోడ మలుపులో మాయమైంది.

వ్యాన్ల దగ్గరికి వెళ్ళాలంటే పొడుగాటి వరండా గుండా వెళ్ళాలి. ఎర్ర జాకెట్లు నడుస్తున్నాయి. నార్బర్ట్ చెవి మిషను చేతిలో పట్టుకుని నడుస్తున్నాడు, ఎప్పుడు తీశాడో. వెనక నుంచి సాక్సుల పరుగు వినిపించింది.

"అమ్మా! ఒక్క నిమిషం అమ్మా!"

ఇరవై ఏళ్ళ పిల్ల, చంకలో బాకా, మెడ మీద తెల్లరంగు చారలు. టెక్సస్ యాస. "నా పేరు యెసేనియా. మీకు థాంక్స్ చెప్పాలని పరిగెత్తుకొచ్చా."

డెల్ఫీన్ వెనక్కి తిరిగింది. కాజ్ ఆగాడు.

"ఇవాళ చాలా ఘోరంగా ఉందమ్మా, మాకు తెలుసు. సగం పాట ట్రక్కులోనే ఉండిపోయింది. ఆ ఖాళీల్లో ఎటు చూడాలో తెలీలేదు. అప్పుడు మీరంతా కనిపించారు. మాకేసి వీపు పెట్టి నిలబడ్డారు, జాకెట్ల మీద హుస్సార్స్ అని, కింద మీరు వాయించిన సంవత్సరాలు. అరవై ఒకటి, అరవై ఎనిమిది, డెబ్భై మూడు. నేను అవే చదువుకుంటూ లెక్కపెట్టా. మా వరసంతా అంతే. మా పేరు మాకు చూపిస్తూ పదకొండు నిమిషాలు నిలబడ్డారు, ఒక్కరు కూడా కదల్లేదు." ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. "మాకు ఎవ్వరూ చెప్పలేదు. అది పాత ఆచారమా అమ్మా?"

డెల్ఫీన్ కాజ్ వైపు చూసింది. వాడి చూపు నేలకి దిగింది. నార్బర్ట్ గోడ వైపు తిరిగాడు.

"అవునమ్మా," అంది డెల్ఫీన్. "చాలా పాతది."

"అనుకున్నా!" పిల్ల మొహం విప్పారింది. వెనక్కి తిరిగి వరండా చివరికి అరిచింది. "ఏయ్, అడిగాను! ఆచారమేనట!" అక్కడ బట్టల సంచుల దగ్గర గుమిగూడిన పదిహేను, ఇరవై మంది తలలెత్తారు. ఒకడేదో అన్నాడు, ఒకమ్మాయి వాణ్ణి మోచేత్తో పొడిచింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే సర్దుకుని, భుజం భుజం కలిపి వరస కట్టారు. గీత గీసినట్టుంది వరస. యెసేనియా పరుగెత్తి చివర చేరింది. అందరూ ఒక్కసారి, ఎడమ మడమ మీద, తిరిగారు.

బూడిద రంగు వీపులు, చెమటకి అంటుకుపోయి, మీద ఏ పేరూ లేకుండా. ఎంతసేపు నిలబడాలో ఆ పిల్లలకి తెలియదు. ఎప్పుడు చాలనాలో ఈ ముసలివాళ్ళకి తెలియదు. కాజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డెల్ఫీన్ చేతులు జాకెట్టు అంచుల్ని ఒకదాని మీదికి ఒకటి లాగుతున్నాయి, అవి కలవడం లేదు, వాన కురుస్తూనే ఉంది, ఆ వీపులు కదలడం లేదు.